శివతాండవము వినిపించిన శ్రీవైష్ణవుడు

గండికోట కొండలను చీల్చుకొని, జమ్మలమడుగు ప్రక్కగా సాగివచ్చిన పెన్న ప్రొద్దుటూరును చేరుసరికి కొంత శాంతించును. ఆ ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరస్వామి ఆలయమున్నది. ఒకప్పుడు ఆ పట్టణమున తెలుగు పాఠములు చెప్పుకొనుచుండిన ఒక ఉపాధ్యాయుడు ఆ గుడిలో దినదినము ప్రదక్షిణములు చేయుచు ఏదో లోలోపల లయబద్ధముగా పలుకుకొనుచుండెడివారు. ఆయన పుట్టుకచే శ్రీవైష్ణవులు, తాతాచార్యుల వంశమువారు. అట్టివారికి ఈశ్వరుని గుడిలో ఇంత పని ఏమని చూచువారికి తోచియుండిన తోచవచ్చును. ఆ ప్రదక్షిణములలో రూపు దాల్చినదే ‘శివతాండవము’. ఆ ఉపాధ్యాయుడే సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులు.

ఆచార్యులవారు 1914 మార్చి 28వ తేదీన అనంతపురము జిల్లా చియ్యేడు గ్రామమున జన్మించినారు. బాల్యము పెనుగొండలో గడచినది. విజయనగర రాజులకు ఒకప్పుడు రాజధానియైన ఆ ఊరిలో అడుగడుగున పడిపోయిన గోడలు, మొండి గోపురములు, పూడిపోయిన కోనేరులు. పిల్లవాడికి అవియే ఆటస్థలములు. అవియే చరిత్ర పాఠములు కూడ. ఇంట సంస్కృతము, పురాణము. బయట సంగీతము, నాట్యము. ఆచారవంతుల యింటి బాలుడు కాళ్లకు గజ్జెలు కట్టి నాట్యమభ్యసించుట, నాటకములలో స్త్రీపాత్రలు ధరించుట ఆ రోజులలో సామాన్య విషయము కాదు. దానికితోడు పెనుగొండ సబ్‌కలెక్టరు సతీమణి పిట్ దొరసాని ఆయనకు ఆంగ్ల సాహిత్యమును బోధించినది. ఒక చెవిలో వాల్మీకి, మరియొక చెవిలో షేక్స్పియరు, కాళ్లలో తాళము. ఈ మూటిని కలిపి చూచినగాని ఆయన కవిత్వము అర్థము కాదు.

కౌమారము దాటకమునుపే ఆయన ‘పెనుగొండలక్ష్మి’ అను కావ్యమును రచించినారు. తరువాత తిరుపతి సంస్కృత కళాశాలలో చదివి విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు పాఠ్యగ్రంథముల పట్టికలో ఆ ‘పెనుగొండలక్ష్మి’యే కనబడినది! తాను చిన్ననాడు వ్రాసిన పుస్తకమును గురించి తానే పరీక్షార్థియై సమాధానము వ్రాయవలసిన వింత తెలుగుదేశమున మరెవ్వరికైన పట్టినదో లేదో. తన కావ్యమును గూర్చిన ప్రశ్నకే పుటలకు పుటలు వ్రాయుచు కూర్చుండగా కాలము కాస్త గడచిపోయి, ఆ పర్యాయము పరీక్ష తప్పినదని చెప్పుకొందురు. పరీక్షలలో తప్పిన విద్యార్థులకు ఈ ముచ్చట చెప్పదగినది. అయితే గడియారము చూచుకొనవలెనన్న మాట కూడ కలిపి చెప్పుట మంచిది.

ఇక శివతాండవము. దీనిని పుస్తకములో కనులతో చదివినవారికి అందునది సగమే. ఇది చెవికొరకు పుట్టిన కావ్యము. ఆట మొదలగుటకు ముందే ప్రకృతియంతయు ఆ ఆటకు సిద్ధమగును. చెట్లు, తీగెలు, పక్షులు, మబ్బులు ఒక్కొక్కటిగా మేల్కొనును. నడక మెల్లగా బిగియును. పిమ్మట శివుడు రంగమున ప్రవేశించును. అక్కడినుండి మాత్రల వడి పెరుగును; చిన్న చిన్న పదములు మద్దెలపై వ్రేళ్లవలె పడును; ద్విత్వములు, మహాప్రాణములు దెబ్బకు దెబ్బ అందుకొనును. అర్థము తెలియని పిల్లవాడు కూడ వినుచు తల ఊపును. ఆ ఉద్ధతి అంతయు ముగిసినపుడు గిరిజ లాస్యము వచ్చును. అదే భాష, అదే కవి. కాని అక్షరములు మెత్తనగును, నడక వయ్యారమగును. తాండవమునకు, లాస్యమునకు గల భేదమును శాస్త్రగ్రంథములు నిర్వచించి చెప్పును. ఇచ్చట అది వినబడును. గజ్జె కట్టి ఆడినవాడు వ్రాసినందుననే ఇది సాధ్యమైనది. తాళము తెలిసిన కవులు కలరు, ఛందస్సు తెలిసిన నర్తకులు కలరు. రెండును ఒక్క శరీరమున నుండుట అరుదు.

ఇందులో మరొక విశేషము. ఆడుచున్న శివునియందే హరి కనబడును. గిరిజయందు లక్ష్మి కనబడును. శైవ వైష్ణవముల పేర శతాబ్దములు కలహించిన దేశములో, నామధారియైన పండితుడొకడు ఈ మాటను వాదముగా చెప్పక నాట్యముగా చెప్పినాడు. వాదముగా చెప్పియున్నచో ఖండించుటకు ఇరువైపుల వారు లేచెడివారు. తాళముతో చెప్పినదానిని ఎవరు ఖండింపగలరు?

పాశ్చాత్య దేశములలో 1960వ దశకము చివర ‘హార్డ్ రాక్’ అను గర్జించు సంగీతము బయలుదేరినది. విద్యుత్ గిటారు, డ్రమ్ముల మ్రోత దానికి ప్రాణము. క్రొత్తగా దానిని వినగోరువారికి అచ్చటి రసికులు లెడ్ జెప్పెలిన్ వారి 1971 నాటి నాలుగవ ఆల్బము, డీప్ పర్పుల్ వారి ‘మెషీన్ హెడ్’ (1972), ఏసీ డీసీ వారి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ (1980) ముందు వినుమని చెప్పుదురు. నేటి మన కుర్రవాండ్రు వానిని వినుచునే యున్నారు, విననిండు. ఆ మ్రోత, ఆ వడి, ఆ ఒడలు మరపు కావలెనన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బాలురకు ఇంటి ముంగిటనే ఒకటి కలదని మాత్రము ఉపాధ్యాయులు చెప్పవలెను. తరగతిలో శివతాండవమును వ్యాఖ్యానముతో మొదలుపెట్టరాదు. గొంతెత్తి, బల్లమీద తాళము వేయుచు, ఒక్కసారి ఆసాంతము వినిపించవలెను. పదములకు అర్థములు మరునాడు చెప్పవచ్చును.

దాని తరువాత ఏమి వినవలెను? ‘మేఘదూతము’ వినదగినది. పేరు కాళిదాసుదే, కాని ఇందు సందేశము పంపువాడు యక్షుడు కాడు, రాజకీయ ఖైదీ. శివతాండవమునందు ఉరిమిన గొంతే ఇచ్చట చెరసాల గోడలమధ్య నెమ్మదించి పలుకును. పిదప ద్విపదలో నడచిన ‘పండరీ భాగవతము’. అది భజన మందిరమున కూర్చుండి వినినట్లుండును. ‘జనప్రియ రామాయణము’ను చివరకు ఉంచుకొనవలెను, దానికి ఓపిక కావలెను. ఆచార్యులవారు రచించి స్వరపరచిన కృతులు కూడ పెక్కు కలవు. అవి గాయకుల నోట నేటికిని తగినంత వినబడకపోవుట మన లోపమే.

ఆయన ప్రొద్దుటూరును విడిచి దూరదేశములకు పోకపోలేదు. తిరువాన్కూరునకు పోయి మలయాళ నిఘంటు నిర్మాణములో పనిచేసినారు. విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఏకవీర’ను మలయాళములోనికి అనువదించినారు. ఢిల్లీలో సాహిత్య అకాడమీలోను కొంతకాలము పనిచేసినారు. పదునాలుగు భాషలు వచ్చిన వానికి ఎచ్చటనైన కొలువు దొరకును. కాని ఆయన ప్రాణము కడప జిల్లాను వదలినది కాదు. మరల వచ్చి ఉపాధ్యాయ వృత్తిలోనే కుదురుకొన్నారు. సహధర్మచారిణి కనకమ్మగారు కూడ సంస్కృతాంధ్రములలో విదుషీమణి, కవయిత్రి. బడిపంతులు జీతముతో సంసారము నడపుచు, ఇంటికి వచ్చిన విద్యార్థులకు వేళపాళ లేక పాఠములు చెప్పుచు, రాత్రులు వ్రాసికొనుచు గడపిన ఆ యింటి చరిత్ర ఇంకను పూర్తిగా వ్రాయబడవలసియున్నది.

బిరుదములకు కొదువ లేదు. ఋషీకేశమున స్వామి శివానంద ‘సరస్వతీపుత్ర’ అని పిలిచినారు; ఆయనకు అది పేరులో భాగమైపోయినది. 1972లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చినది. 1979లో ‘జనప్రియ రామాయణము’నకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అయినను ఏ సభకు పోయినను జనులు కోరునది ఒక్కటే: శివతాండవము. నూరు గ్రంథములకు పైగా వ్రాసిన వానిని యౌవనమున వ్రాసిన ఒక్క చిన్న కావ్యముతోనే గుర్తించుట కీర్తియా, అన్యాయమా? కవికి రెండును అయి ఉండును. కోరినవారిని ఆయన నిరాశపరచెడివారు కారు. వృద్ధాప్యమున సన్నగిల్లిన ఆ దేహము వేదికపై నిలిచి తొలి మాత్ర అందుకొనగానే పెనుగొండలో గజ్జె కట్టిన బాలుడు తిరిగి వచ్చెడివాడు.

1990 సెప్టెంబరు 1వ తేదీన ఆ గొంతు ఆగినది. అగస్త్యేశ్వరుని ఆలయ ప్రాకారమున ప్రదక్షిణపు బాట నేటికిని అట్లే యున్నది.