అడవిని అమ్మిన ఉద్యోగి, అడవిని వ్రాసిన రచయిత: బిభూతిభూషణ్ బందోపాధ్యాయ

వంగభాషలో 1939లో గ్రంథరూపం దాల్చిన ఆరణ్యక్ నవలను సూరంపూడి సీతారాం గారు వనవాసి అనే పేరుతో తెనిగించారు. అడవుల నరికివేతను ఇతివృత్తంగా గ్రహించి మన దేశంలో వెలువడిన నవలలలో దీనికి సాటిరాగలవి మిక్కిలి తక్కువ. పర్యావరణం, వాతావరణ మార్పు అనే మాటలు జనుల నోట నానని రోజులలో అది పుట్టింది. దానిని వ్రాసిన బిభూతిభూషణ్ బందోపాధ్యాయ స్వయంగా అడవి భూములను సాగుకు ఇప్పించే ఎస్టేటులో జీతగాడుగా పనిచేసినవారు కావడం ఇందులోని విశేషం.

ఆయన 1894 సెప్టెంబరు 12న మాతామహుల ఊరైన మురాతిపూర్‌లో జన్మించారు. స్వగ్రామం బన్‌గావ్ సమీపాన ఇచ్ఛామతీ నదీతీరంలోని బారక్‌పూర్. ఆనాడు అది జెస్సోర్ జిల్లాలోని భాగం. తండ్రి మహానంద సంస్కృత పండితులు. పౌరోహిత్యం చేస్తూ, ఊరూరా పురాణ ప్రవచనం చెబుతూ కుటుంబాన్ని పోషించేవారు. పురాణం చెప్పే ఇంట పద్యానికి లోటుండదు గాని బియ్యానికి లోటుంటుందన్న సంగతి మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఐదుగురు సంతానంలో పెద్దవాడైన బిభూతి బడిలో చదువుకొంటున్న రోజులలోనే తండ్రి గతించారు. పరుల ఇంట వసతి పొంది, వారి పిల్లలకు పాఠాలు చెబుతూ తన చదువు సాగించి, కలకత్తా రిపన్ కళాశాలలో 1918లో బి.ఏ. పట్టం పొందారు. పైచదువు మొదలుపెట్టినా పూర్తి కాలేదు. ఆ రోజులలోనే గౌరీదేవితో వివాహం జరిగింది; కొద్దికాలానికే ఆమె మరణించింది. మరల ఇల్లు కట్టుకోవడానికి ఆయనకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

తరువాత హుగ్లీ జిల్లా జాంగీపాడాలో ఉపాధ్యాయుడయ్యారు. మధ్యలో కొన్నాళ్లు గోరక్షణ సంఘం ప్రచారకుడుగా తూర్పు వంగదేశమంతా తిరిగారు. ఇతర కొలువులు ఎన్ని చేసినా చివరికి బడిపంతులుగానే జీవించి, బడిపంతులుగానే మరణించారు. మా వృత్తివారు ఈ ఒక్క విషయంలో కొంచెం గర్వపడితే తప్పు లేదనుకొంటాను.

కలకత్తాలో ఖేలత్‌చంద్ర ఘోష్ గారి సంపన్న కుటుంబానికి బీహారులోని భాగల్‌పూర్ ప్రాంతంలో విస్తారమైన అడవి భూములుండేవి. ఆ ఇంట పిల్లలకు చదువు చెప్పుతూ వారి అభిమానం చూరగొన్న బిభూతిభూషణ్‌ను 1924లో ఆ ఎస్టేటుకు సహాయక మేనేజరుగా పంపారు. అడవిని కౌలుదార్లకు పంచి, పట్టా కట్టించి, నజరానా, శిస్తు రాబట్టడమే అక్కడి పని. చెట్టు నిలబడి ఉన్న భూమి యజమానికి ఒక్క రూపాయి తేదు. చెట్టు పడితేనే రాబడి. భూమి లేని నిరుపేదలకు అదే భూమి అన్నం పెడుతుంది. ఈ చిక్కుముడి మధ్య ఆయన కొన్ని సంవత్సరాలు గుర్రం మీద తిరిగారు. రెల్లు గడ్డి మైదానాలు, గంగా కోసీ నదుల లంకలు, వెన్నెల రాత్రుల నిశ్శబ్దం ఆయనను వశపరచుకొన్నాయి. ఈ అడవి జీవితాన్ని గురించి ఒక గ్రంథం వ్రాయాలన్న సంకల్పాన్ని 1928 ఫిబ్రవరిలోనే దినచర్య పుస్తకంలో నమోదు చేసుకొన్నారు. చిత్రమేమంటే, అడవి నడుమ కూర్చుండి ఆయన అప్పుడు వ్రాసినది తన ఊరి కథ, పథేర్ పాంచాలి. అది విచిత్ర పత్రికలో ధారావాహికగా వచ్చి 1929లో గ్రంథమైంది. కలకత్తాకు తిరిగివచ్చి బడిలో పాఠాలు చెప్పుకొంటూ వ్రాసినది అడవి కథ. దేనికి దూరమైతే దానిని వ్రాయగలగడం ఆయన స్వభావం కాబోలు.

నవలలో కథ చెప్పే సత్యచరణుడు కొలువు కోసం కలకత్తా నుండి వచ్చిన యువకుడు. మొదట ఆ ఏకాంతం భరించలేక పారిపోవాలనుకొంటాడు; క్రమంగా అడవి లేనిదే బ్రతకలేని స్థితికి వస్తాడు. అక్కడి పేదలు వరిగ జాతి చిరుధాన్యంతో కడుపు నింపుకొంటారు. వరి అన్నం దొరుకుతుందంటే ఎంత దూరమైనా నడిచి వస్తారు. ఒక మండు వేసవిలో నీటి గుంటలన్నీ ఎండిపోగా, మిగిలిన ఒక్క మడుగు వద్ద ఒకదానికొకటి వైరులైన మృగాలు పక్కపక్కన నీరు త్రాగే దృశ్యం ఉంది. మరొకచోట కార్చిచ్చు గడ్డి మైదానాలను చుట్టుముడుతుంది. నేడు కరవును గూర్చి, ఎండ తీవ్రతను గూర్చి వ్రాసేవారు ఈ ఘట్టాలను ఒకసారి చదవవలసి ఉంది. వాటిలో ఉపదేశం మచ్చుకైనా లేదు. దాహం మాత్రమే ఉంది.

యుగళప్రసాద్ అనే పాత్రను పాఠకుడు మరువలేడు. ఇంట గడవని పేదవాడు. ఎక్కడెక్కడి నుండో పూలతీగలు, విత్తనాలు సేకరించి తెచ్చి అడవిలో నాటుతుంటాడు. భూమి అతనిది కాదు, పూలు చూసేవారు లేరు, కూలి ఇచ్చేవారు అసలే లేరు. సరస్వతీ కుండీ అనే సరస్సు ఒడ్డున అతడు నాటిన మొక్కల కోసం సత్యచరణుడు ఆ చోటును కౌలుకివ్వకుండా తాను ఆపగలిగినంత కాలం ఆపుతాడు. అడవి దున్నల దేవత టాండ్‌బారోను గూర్చిన నమ్మకం మరొకటి. వేటగాళ్లు త్రవ్విన గోతి దగ్గర నిలబడి, చేయెత్తి దున్నలను వెనుకకు మళ్లించే దేవత అది. సంతాలుల రాజు దోబ్రు పన్నా రాజ్యం పోగొట్టుకొని పశువులు కాచుకొంటుంటాడు. అతని మునిమనుమరాలు భానుమతికి తన కొండల వెలుపల భారతదేశమొకటి ఉందన్న ఎరుకే లేదు. చివరకు అడవి పోతుంది, గుడిసెలు లేస్తాయి, ఆవాల పైరు పూస్తుంది. పంట చూసి సంతోషించవలసిన మేనేజరు వనదేవతలను క్షమాపణ వేడుకొని వెళ్లిపోతాడు.

ఆ పేద కౌలుదార్లను రచయిత ఎక్కడా దోషులుగా నిలబెట్టలేదు. వారి ఆకలి ఆయన ఎరిగినదే. అడవి పోయినందుకు దుఃఖం, అన్నం దొరికినందుకు తృప్తి, రెండూ ఒకే మనిషిలో ఉండటమే ఆ నవల బలం. అడవి అంచున పోడు కొట్టుకొని స్థిరపడిన కుటుంబాలు మన సరిహద్దు గ్రామాలలో లేవా? అట్టివారు వనవాసి చదివితే తమ తాతల కథ వలె తోస్తుంది. కోసీ నది 2008 ఆగస్టులో కుసహా వద్ద కరకట్ట తెంచుకొని బీహారులో లక్షలాది జనులను నిరాశ్రయులను గావించింది. దానికి అడవి నరకడమే కారణమనడం తొందరపాటు. నదిని కట్టల మధ్య బంధించిన తీరు, నది తెచ్చే ఒండ్రు, ఇట్లా కారణాలు అనేకం. అయినా ఆ నది పక్కన గడ్డి మైదానాలు ఎట్లా ఉండేవో తెలుసుకోదలచినవారికి ఈ నవల ఒక సాక్ష్యం.

తన కంటితో చూడని అడవులను గూర్చి కూడా ఆయన వ్రాశారు. బాలుర కోసం 1937లో వెలువడిన చాందేర్ పహాడ్ ఆఫ్రికాలో నడిచే కథ. ఆయన ఆఫ్రికాకు ఎన్నడూ వెళ్లలేదు, పుస్తకాలు చదివి వ్రాశారు. చివరి దశాబ్దంలో సింహభూమ్‌లోనూ, ఒడిశా సరిహద్దున ఉన్న సారండా సాల వనాలలోనూ విస్తారంగా సంచరించారు. ఘాట్‌శిలలోని తన ఇంటికి మొదటి భార్య పేర గౌరీకుంజ్ అని పేరు పెట్టుకొన్నారు. 1940లో రమాదేవిని వివాహమాడారు. 1947లో కుమారుడు తారాదాస్ జన్మించాడు.

అదే 1947లో దేశవిభజన జరిగింది. జెస్సోర్ జిల్లా తూర్పు పాకిస్తాన్‌కు పోగా బన్‌గావ్ భాగం భారతదేశంలో నిలిచింది. రచయిత స్వగ్రామం హఠాత్తుగా సరిహద్దు గ్రామమైంది. ఆయన మాత్రం ఊరి పక్కన గోపాల్‌నగర్ బడిలో పాఠాలు చెప్పుకొంటూనే ఉన్నారు. తన నదిని గూర్చి, నీలిమందు దొరల కాలపు రైతులను గూర్చి ఇచ్ఛామతీ అనే నవల వ్రాశారు. 1950 నవంబరు 1న ఘాట్‌శిలలో గుండెపోటుతో కన్నుమూశారు. మరుసటి ఏడు ఆ నవలకు రవీంద్ర పురస్కారం లభించింది. 1955లో సత్యజిత్ రాయ్ పథేర్ పాంచాలిని చలనచిత్రంగా తీయడంతో ఆయన పేరు ఖండాంతరాలకు చేరింది. ఆయన చిన్ననాడు ఈదులాడిన ఇచ్ఛామతికి ఇప్పుడు కొంతమేర ఒక గట్టు భారతదేశం, ఆవలి గట్టు బంగ్లాదేశ్.