తల్లి కంచంలో లోపం కనిపెట్టిన డాక్టరమ్మ

మీ ఇంట కోడలో, కూతురో గర్భవతి అయితే ఆరోగ్య కేంద్రంలో ఆమెకు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు. చిన్న మాత్రే కదా అని కొందరు వాటిని గూట్లో పెట్టి మరచిపోతారు. ఆ మాత్ర వెనుక ఒక డాక్టరమ్మ ఏళ్ల తరబడి పడిన శ్రమ ఉన్నదని మీకు తెలుసా? ఆమె పేరు లూసీ విల్స్.

ఆమె 1888లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర జన్మించారు. కేంబ్రిడ్జిలో చదువుకొని, తరువాత లండనులో వైద్యవిద్య అభ్యసించి, 1920లో డాక్టరయ్యారు. గర్భిణుల మరణాలపై పరిశోధన కోసం 1928లో బొంబాయి వచ్చారు.

ఆ రోజుల్లో అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు ఎందరో గర్భంతో ఉండగా తీవ్రమైన రక్తహీనతకు గురయ్యేవారు. ఒళ్లు పాలిపోయి, ఆయాసంతో కాన్పుకు ముందో, తరువాతో ప్రాణాలు విడిచేవారు. లూసీ వారు తినే తిండిని పరిశీలించారు. పాలు, పండ్లు, కూరలు అంతగా దొరకని పేద ముస్లిం స్త్రీలలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్నదని గమనించారు.

అయితే తిండే కారణమని రుజువు చేయడం ఎలా? ఆ స్త్రీలు తినే తిండినే ఆమె ప్రయోగశాలలో ఎలుకలకు పెట్టి చూశారు. వాటికి రక్తం తగ్గిపోయింది. చూలుతో ఉన్న ఎలుకలు ఈనకముందే చనిపోయాయి. ఆహారంలో ఈస్టు కలిపితే రక్తహీనత రాలేదు. ఇంతలో ఒక చిక్కు వచ్చిపడింది. ఆ ఎలుకలకు పేలు పట్టి, వాటి వల్ల మరో రోగం సోకినట్లు తేలింది. దోషం తిండిదా, పేలదా? లూసీ ఆ అనుమానాన్ని దాచిపెట్టలేదు. రీసస్ కోతులతో మళ్లీ ప్రయోగాలు చేశారు. లోపమున్న తిండితో నీరసించిన కోతి, ఈస్టుతో తయారయ్యే మార్మైట్ అనే చవకైన పదార్థం తిని తేరుకుంది.

మార్మైట్ ఇచ్చిన గర్భిణులు కూడా కోలుకున్నారు. ఈ సంగతిని ఆమె 1931లో వైద్య పత్రికలో ప్రకటించారు. అందులోని గుణమేమిటో అప్పటికి తెలియక దానికి విల్స్ పదార్థం అని పేరు పెట్టారు. 1941లో పాలకూర నుండి వేరుచేసిన పదార్థానికి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాటను బట్టి ఫోలిక్ ఆమ్లం అని పేరు వచ్చింది. 1945లో దానిని అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే!

లూసీ విల్స్ 1964లో కన్నుమూశారు. గర్భం దాల్చకముందు నుండే ఈ విటమిన్ తీసుకుంటే బిడ్డకు వెన్నెముక లోపాలు చాలావరకు రాకుండా కాపాడవచ్చునని 1991లో బ్రిటిషు పరిశోధకులు నిరూపించారు. గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే బిడ్డ వెన్ను రూపుదిద్దుకుంటుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమనే తెలియదు. కనుక బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరును అడిగి మాత్రలు మొదలుపెట్టాలి.

పాఠకులారా! మన ఇళ్లలో అందరూ తిన్నాక మిగిలినది తినేది ఎవరు? ఈ రాత్రి ఒకసారి ఆ కంచంలోకి చూడండి. అందులో ఆకుకూర, పప్పు ఉన్నాయా? లూసీ విల్స్ తన పరిశోధన మొదలుపెట్టింది అలాంటి కంచం దగ్గరే.