హార్వర్డులో పద్దెనిమిదేళ్లు

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినగానే ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ స్ఫురిస్తాయి. ఆ కీర్తికి పూర్వం హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన సుదీర్ఘమైన కొలువును తలచేవారు తక్కువ.

1895లో భీమవరంలో జన్మించిన ఈయన మదరాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించినారు. శస్త్రచికిత్స బోధించే దొరకు అది కంటగింపయింది. ఎం.బి.బి.యస్. పట్టానికి బదులు, అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే చేతికి వచ్చింది. విద్యాలయాలలో ప్రతిభ ఒక్కటే తూగదన్న పాఠం ఆయనకు ఆనాడే నేర్పబడింది. మదరాసులోనే ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధిస్తూ కాలం గడిపినారు. స్ప్రూ అనే విరేచనాల వ్యాధి సోదరులిద్దరిని కొద్దిరోజుల తేడాతో కబళించింది. ఆ దుఃఖం ఆయన్ను విడువలేదు.

మామగారి ధనసహాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరినారు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని. వైద్యపట్టం గల మనిషి దానిని చిన్నతనంగా ఎంచలేదు.

అటుపిమ్మట జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్క్ వద్ద చేరినారు. రక్తంలోని భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే వీరి పద్ధతి 1925లో వెలువడి, ఇరువురి పేర్లతో ప్రయోగశాలలన్నింటా వ్యాపించింది. కండరం ముడుచుకొనడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని శాస్త్రజ్ఞులు నమ్మే కాలమది. ఆ రంగంలో కృషిచేసిన హిల్, మైయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం లభించింది. 1927లో ఫాస్ఫోక్రియేటిన్ బయటపడగానే ఆ నమ్మకం సడలింది. 1929లో ఎ.టి.పి.ని వేరుచేసినారు, అదే యేట జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొన్నాడు. ప్రతి జీవకణమూ శక్తికై ఖర్చుపెట్టే నాణెమది!

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వతోద్యోగం ఇవ్వలేదు. 1930లో పి.హెచ్.డి. వచ్చినది, పదేండ్లు గడచినవి, స్థానం మాత్రం నిలకడ పడలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ వెలుగు చూడనీయలేదనీ, ఏండ్ల తరువాత ఇతరులు వాటిని తిరిగి కనుగొనవలసి వచ్చిందనీ నోబెల్ గ్రహీత హిచింగ్స్ తరువాతి కాలంలో తెలిపినారు. పైవాని అసూయకు ఎర అయిన పరిశోధకుడు ఆయనొక్కడే కాడు గాని, నష్టపోయినది శాస్త్రం కూడ.

1940లో ఆయన విశ్వవిద్యాలయం విడిచి లెడర్లీ ఔషధసంస్థలో చేరినారు. వ్యాపారసంస్థకు పోవడమంటే పండితలోకం చులకనగా చూచే రోజులవి. అక్కడ ఆయన పరిశోధనలకు నాయకుడైనారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందైనది. ఆ ఆమ్లానికి ప్రతికూలమైన ఎమినోప్టెరిన్‌ను ఫార్బర్ రక్తకేన్సరు సోకిన పసివారికి ఇచ్చి, కొందరికి తాత్కాలిక ఉపశమనం కలిగించగలిగినాడు. ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. ఆ ఆగస్టులోనే, 53వ యేట, నిద్రలో గుండె ఆగి ఆయన కన్నుమూసినారు.

1947లో ఆయన బృందమే వెలికి తెచ్చిన హెట్రజాన్, డై ఇథైల్ కార్బమజీన్ అనే పేరుతో, బోదకాలు నివారణకై నల్గొండ జిల్లా గ్రామాలలో ఇంటింటా పంచబడింది.