ఒడ్డు కంటే పడవే ఎక్కువ.. స్కూబా డైవింగ్‌కు దారి చూపిన కూస్టో కథ ఇదీ

నర్సీపట్నం పక్కనున్న మన్యం జనానికి ఒకప్పుడు అండమాన్ అంటే శిక్ష. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను పట్టుకున్న బ్రిటిష్ వాళ్లు ఆ దీవులకే పంపేశారు. ఇప్పుడు అదే అండమాన్‌కు జనం లీవు పెట్టుకుని మరీ వెళ్తున్నారు. వీపుకు సిలిండర్ కట్టుకుని, పగడపు దిబ్బల మధ్య చేపల్ని చూసి రావడానికి! అంత దూరం ఎందుకు, మన వైజాగ్ రుషికొండలోనూ స్కూబా డైవింగ్ ఉంది. ఇంకొందరైతే ఒడ్డుకే రాకుండా వారం, పది రోజులు పడవలోనే తిని, పడవలోనే పడుకుని, రోజుకు మూడు నాలుగు సార్లు నీళ్లలోకి దూకుతారు. దీన్ని లివ్‌అబోర్డ్ అంటారు. ఈ సిలిండర్ గురించి మాట్లాడినా, ఈ పడవ బతుకు గురించి మాట్లాడినా ఓ పేరు తప్పకుండా వస్తుంది. జాక్ ఈవ్ కూస్టో. బక్కపలచని మనిషి, నెత్తిన ఎర్ర టోపీ.

కూస్టో 1910 జూన్ 11న ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం దగ్గర పుట్టారు. నేవీలో చేరారు కానీ మనసంతా విమానాల మీదే. 1936లో కారు యాక్సిడెంట్ ఆ కలకు బ్రేక్ వేసింది. చేతులు విరిగాయి, పైలట్ ఉద్యోగం పోయినట్టే. చేతులు మళ్లీ మామూలు కావాలని తులాన్ దగ్గర సముద్రంలో ఈత మొదలుపెట్టారు. తోటి ఆఫీసర్ ఫిలిప్ తాయే ఇచ్చిన కళ్లద్దాలు పెట్టుకుని నీటి లోపలికి చూశారు. అంతే, ఇక ఆకాశం వైపు చూడలేదు.

కానీ ఊపిరి ఎలా? అప్పట్లో డైవర్ అంటే తలకు బరువైన లోహపు హెల్మెట్, పైన పడవ నుంచి గాలి పంపే గొట్టం ఉండాల్సిందే. ఆ గొట్టం ఎంత పొడవుంటే అంత దూరమే నడక. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఫ్రాన్స్‌లో పెట్రోల్‌కు కరువొచ్చింది. కార్లను గ్యాస్‌తో నడిపేందుకు ఎమిల్ గన్యాన్ అనే ఇంజినీర్ ఓ చిన్న రెగ్యులేటర్ తయారు చేశారు. కూస్టో, ఆయన కలిసి దాన్నే మనిషి ఊపిరికి సరిపడేలా మార్చారు. పీల్చినప్పుడే గాలి వస్తుంది, పీల్చకపోతే రాదు. పైగా చుట్టూ నీటి ఒత్తిడి ఎంతుంటే గాలి కూడా అంతే ఒత్తిడితో అందుతుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు కదా, ఇది లేకపోతే ఛాతీ ఉబ్బదు. 1943 మొదట్లో మార్న్ నదిలో పెట్టిన పరీక్ష కుదర్లేదు. నిటారుగా ఉంటే గాలి లీకయ్యేది. సరిచేసి, అదే ఏడాది జూన్‌లో మధ్యధరా సముద్రంలో దిగారు. మనిషి చేపలా తిరగడం అక్కడ మొదలైంది.

ఇక కావాల్సింది పడవ. యుద్ధంలో సముద్రపు మందుపాతరలు ఏరడానికి అమెరికాలో కట్టిన నౌక, తర్వాత మాల్టాలో జనాన్ని దాటించే ఫెర్రీగా మారింది. పేరు కాలిప్సో. 1950లో గిన్నిస్ కుటుంబానికి చెందిన ఓ ధనికుడు దాన్ని కొని, ఏడాదికి ఒక్క ఫ్రాంక్ అద్దెకు కూస్టో చేతిలో పెట్టారు. మిగతా సరంజామాకు భార్య సిమోన్ తన నగలు అమ్మారు. ఆమె గురించి ఎవరూ పెద్దగా చెప్పరు కానీ, కాలిప్సో మీద భర్త కంటే ఎక్కువ రోజులు ఉన్నది ఆమే. కెమెరా ముందుకు మాత్రం వచ్చేవారు కాదు.

ఎర్ర సముద్రం, పర్షియన్ గల్ఫ్, హిందూ మహాసముద్రం.. నెలల తరబడి తిరుగుడే. సీషెల్స్‌లోని అసంప్షన్ దీవి దగ్గర ఓ పెద్ద బొంత చేప డైవర్లకు మచ్చికైంది. జోజో అని పేరు పెట్టారు. మేత కోసం మీద పడుతుంటే షూటింగ్ సాగక దాన్ని కాసేపు బోనులో పెట్టాల్సి వచ్చింది! ఆ ప్రయాణాలతో తీసిన సినిమా ది సైలెంట్ వరల్డ్. 1956లో కాన్స్‌లో అత్యున్నత బహుమతి, మరుసటి ఏడాది ఆస్కార్.

ఆ సినిమాను ఇప్పుడు చూస్తే మాత్రం ఇబ్బందిగానే ఉంటుంది. చేపల్ని లెక్కపెట్టడానికి పగడపు దిబ్బ దగ్గర డైనమైట్ పేల్చారు. తేలిన చేపల్ని ఏరి చూపించారు. తాబేళ్ల మీదెక్కి ఊరేగారు. కాలిప్సో తగిలి ఓ తిమింగలం పిల్ల చచ్చిపోతే, దాన్ని తినడానికొచ్చిన సొర చేపల్ని సిబ్బంది పైకి లాగి కసితీరా కొట్టి చంపారు. చంపింది సొర చేపలా? తమ పడవే కదా! ఖర్చుల కోసం 1954లో అబుదాబి దగ్గర చమురు కంపెనీకి సముద్రం అడుగు సర్వే కూడా చేసిపెట్టారు కూస్టో.

ఏళ్ల తర్వాత తాను దిగిన చోట్లకే మళ్లీ దిగితే చేపలు తగ్గాయి, పగడాలు పాడయ్యాయి. అప్పటికి మనిషి మారారు. 1960లో మధ్యధరాలో అణు వ్యర్థాలు పారబోయకుండా అడ్డుపడ్డారు. 1968 నుంచి టీవీ సిరీస్‌తో సముద్రాన్ని ఇళ్లలోకి తెచ్చారు. 1973లో సముద్ర రక్షణకు సొసైటీ పెట్టారు. అంటార్కిటికాలో గనులు తవ్వొద్దని దేశాధినేతల చుట్టూ తిరిగారు.

ఇంట్లో మాత్రం దెబ్బ మీద దెబ్బ. వారసుడనుకున్న చిన్న కొడుకు ఫిలిప్ 1979లో లిస్బన్ దగ్గర సీప్లేన్ ప్రమాదంలో చనిపోయారు. 1990లో సిమోన్ పోయారు. మరుసటి ఏడాదే కూస్టో రెండో పెళ్లి చేసుకున్నారు. ఆమెతో అప్పటికే ఇద్దరు పిల్లలున్నారన్న సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది. పెద్ద కొడుకు ఫిజీ దీవుల్లో రిసార్టుకు కూస్టో పేరు పెడితే, ఆ పేరు వాడకం మీద తండ్రే కోర్టుకెక్కారు.

1996 జనవరిలో సింగపూర్ రేవులో ఓ బార్జ్ గుద్ది కాలిప్సో మునిగింది. పైకి తీశారు కానీ మళ్లీ సముద్రంలోకి వెళ్లలేదు. కొత్త నౌక కట్టాలని విరాళాల కోసం తిరుగుతూనే ఉన్న కూస్టో, 1997 జూన్ 25న పారిస్‌లో కన్నుమూశారు. వయసు 87. పుట్టిన ఊళ్లోనే, మట్టిలోనే సమాధి చేశారు.