విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ

మైసూరు సంస్థానంలో కపిలానదీ తీరాన శ్రీకంఠేశ్వరస్వామి వెలసిన నంజనగూడు క్షేత్రంలో 1878 నవంబరు 3వ తేదీన నాగరత్నమ్మ జన్మించారు. తల్లి పుట్టులక్ష్మి దేవదాసీ వంశానికి చెందినది. తండ్రి సుబ్బారావు వకీలు. బిడ్డ పసితనంలోనే ఆయన తల్లీబిడ్డలను విడిచి వెళ్లిపోయాడు. మనోవర్తి కోరడానికి పుట్టులక్ష్మికి వివాహమన్నది లేదు, నిలదీయడానికి పెద్దమనుషుల పంచాయతీ లేదు. న్యాయశాస్త్రం చదివిన వాడికి ఈ సంగతి ఆమెకంటె బాగా తెలిసి ఉండాలి.

నాటి సమాజం స్త్రీలను రెండు తెగలుగా విభజించింది. కులస్త్రీకి వివాహం, గృహం, గౌరవం దక్కాయి. చదువు, సంగీతం, నాట్యం నిషేధింపబడ్డాయి. దైవానికి అంకితమైన దేవదాసికి చదువూ కళలూ దక్కాయి, వివాహం నిషేధింపబడింది. నిత్యసుమంగళి అని పేరుపెట్టి శుభకార్యాలకు పిలిచేవారు, కాని పంక్తిలో కూర్చోబెట్టేవారు కాదు. ఈ ఏర్పాటులో పురుషునికి మాత్రం రెండు ద్వారాలూ తెరచియే ఉండేవి. అక్షరం నేర్చిన ఆడది శీలం తప్పుతుందన్న అపోహ ఈ విభజన నుండే పుట్టి బలపడింది. చదువుకున్న స్త్రీ అంటే నాటి వారికి కనిపించిన ఉదాహరణ భోగస్త్రీయే కదా!

పుట్టులక్ష్మి ధైర్యవంతురాలు. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్యగారి వద్ద కుమార్తెకు సంస్కృతం, సంగీతం చెప్పించింది. ఆ గురువుతో పొరపొచ్చాలు వచ్చినపుడు బిడ్డను వెంటబెట్టుకొని ఊరు విడిచి, చివరకు బెంగుళూరు చేరింది. అక్కడ మునుస్వామప్పగారి శిష్యరికం లభించింది. ఆయన వాలాజాపేట కృష్ణస్వామి భాగవతార్ శిష్యులు. ఆ పరంపర వేంకటరమణ భాగవతార్ ద్వారా సాక్షాత్తు త్యాగరాజస్వామిని చేరుతుంది. కన్నడసీమలో పుట్టిన బాలిక తెలుగు కీర్తనలను అర్థం తెలిసి పాడడం అక్కడే నేర్చింది. యుక్తవయస్సు రాకముందే తల్లి గతించినా విద్య ఆగలేదు. మైసూరు ఆస్థానంలో, బెంగుళూరులో పేరు గడించి, ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆమె మద్రాసుకు తరలివెళ్లారు. అనతికాలంలోనే దక్షిణదేశమంతటా కచేరీలకు ఆహ్వానాలు వచ్చాయి. ఆర్జన ఎంతగా పెరిగిందో ఆదాయపు పన్ను కట్టే స్థితికి రావడమే సాక్ష్యం.

సంగీతం ఆమెకు కీర్తిని తెచ్చిపెట్టగా, ఒక పుస్తకం కష్టాలను తెచ్చిపెట్టింది. తంజావూరును ప్రతాపసింహ మహారాజు పాలించిన కాలంలో (1739–1763) ఆస్థాన విదుషిగా వెలుగొందిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ అనే శృంగార ప్రబంధాన్ని రచించింది. తాను పెంచిన ఇళాదేవిని శ్రీకృష్ణునికిచ్చి పెండ్లిచేసి, ఆపై విరహంతో, అసూయతో రగిలిపోయే రాధ కథ అది. శ్రీకృష్ణుడే వచ్చి ఆమెను ఓదారుస్తాడు. తెలుగు ప్రబంధాలలో శృంగారం కొత్త కాదు. కాని స్త్రీ హృదయంలోని కోరికను, కోపాన్ని, వయసు మళ్లుతున్నదన్న బాధను స్త్రీయే చెప్పడం అరుదు. 1887లో వెలువడిన ముద్రణలో కవయిత్రి తన వంశాన్ని చెప్పుకొన్న పద్యాలు లోపించాయని నాగరత్నమ్మ గుర్తించారు. వ్రాతప్రతిని సంపాదించి, సరిపోల్చి, పూర్తి పాఠాన్ని పరిష్కరించారు. 1910లో వావిళ్ల వారు దానిని ప్రకటించారు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని మెచ్చుకొంటూనే, స్త్రీ నోట రాదగని మాటలు వ్రాసిందని నిందించారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన మహనీయుడాయన. బాలవితంతువుకు మళ్లీ సంసారజీవితం ఉండాలని సమాజంతో పోరాడిన వారికి, ఒక స్త్రీ తన కోరికను పద్యంలో చెప్పుకొంటే సహించరానిదిగా తోచింది. సంస్కరణకు కూడా ఒక గిరి ఉండేదన్నమాట. ఆయనను తక్కువ చేయడానికి చెప్పే మాట కాదిది. ఆ గిరి ఎంత బలమైనదో గ్రహించడానికే. నాగరత్నమ్మ తన పీఠికలో దీనికి నిర్మొగమాటంగా సమాధానం చెప్పారు. సిగ్గు అన్నది స్త్రీలకే సహజమా, పురుషులకు అక్కరలేదా అని ప్రశ్నించారు. పంతులుగారే పరిశీలించి ఆమోదించిన ‘వైజయంతీ విలాసము’లోని వర్ణనలు దీనికంటె సున్నితమైనవా అని అడిగారు.

వాదానికి ప్రతివాదం రాలేదు, పోలీసులు వచ్చారు. పుస్తకం అశ్లీలమంటూ పత్రికలో విమర్శలు వెలువడ్డాయి. ప్రభుత్వ అనువాదకుడు కొన్ని పద్యాలను తప్పుపట్టాడు. 1911లో ప్రతులను స్వాధీనం చేసుకొన్నారు. పండితులు విజ్ఞాపన పంపినా ప్రభుత్వం వినలేదు. విక్టోరియా రాణి కాలపు ఆంగ్లేయుల నీతిసూత్రాలు అప్పటికే చదువుకున్న భారతీయుల నీతిగా మారిపోయాయి. కొలిచే కోల పరదేశానిది, కొలతకు నిలిచినది క్షేత్రయ్య పదాలను పుట్టించిన భాష. స్వాతంత్ర్యం వచ్చే ముందు మద్రాసు ప్రధానిగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో ఆ నిషేధం తొలగింది.

ఇంకొక వివాదంలో నాగరత్నమ్మ పక్షాన నిలవడం అంత సులభం కాదు. 1893లో మద్రాసు సంస్కర్తలు భోగంమేళాలకు అధికారులు హాజరు కారాదని వైస్రాయికి, గవర్నరుకు విన్నవించుకొన్నారు. 1909లో మైసూరు ప్రభుత్వం తన అధీనంలోని దేవాలయాలలో దేవదాసీల సేవను నిలిపివేసింది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో బాలికల అంకితాన్ని నిషేధించాలని ప్రతిపాదించినపుడు, దేవదాసీల సంఘం తరఫున నాగరత్నమ్మ ఎదిరించారు. తమ వారందరినీ పడుపువృత్తి వారిగా ముద్రవేయడం అన్యాయమని, కళలను, ఆస్తిహక్కును పోగొట్టుకొని తాము వీధిన పడతామని ఆమె వాదం. ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి చంద్రమ్మాళ్ కూడా దేవదాసీ వంశీయురాలే. ఇద్దరూ ఒకే గాయాన్ని ఎరిగినవారు. అయితే ఏమీ తెలియని బాలికకు ఆమె ఇష్టంతో పనిలేకుండా జీవితాన్ని నిర్ణయించే ఆచారాన్ని ఏ కళ పేరిట సమర్థించగలం? ఆ విషయంలో న్యాయం ముత్తులక్ష్మీ రెడ్డి వైపే ఉంది. మాన్యాలు పోయి, మేళాలు పోయి, వృద్ధాప్యంలో దిక్కులేనివారైన స్త్రీల విషయంలో మాత్రం నాగరత్నమ్మ భయం నిజమైంది. 1947లో మద్రాసు రాష్ట్రంలో నిషేధచట్టం వచ్చింది.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉన్నదని గురువు మునుస్వామప్పగారు వ్రాసిన ఉత్తరం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. ఆమె స్థలం సంపాదించి, నగలూ ఆస్తీ వెచ్చించి, 1921లో ఆలయ నిర్మాణానికి పూనుకొన్నారు. 1926 జనవరి 7న ప్రతిష్ఠ జరిగింది. విచిత్రమేమంటే ఆలయం కట్టించిన చేతులకు ఆరాధనోత్సవంలో తంబురా పట్టే హక్కు లేదు! విద్వాంసులు రెండు కక్ష్యలుగా చీలి ఉత్సవాలు జరుపుతున్నా, స్త్రీలు పాడరాదన్న విషయంలో ఇరుపక్షాలూ ఏకమే. ఆమె మూడవ పక్షంగా స్త్రీలతోనే ఆరాధన నడిపించారు. 1940లో పక్షాలు కలిశాయి. 1941 నుండి ఉమ్మడి ఆరాధనలో స్త్రీలూ పాడారు.

ఇంతలో కాలం మరొక చిత్రం చూపింది. కులస్త్రీకి తగదన్న సంగీతమే పెండ్లిచూపులలో వధువు యోగ్యతగా మారింది. అమ్మాయి ఒక త్యాగరాజ కృతి పాడితే వరుని తల్లిదండ్రులు తృప్తిగా తల ఊపేవారు. ఆ కృతులను తరతరాలుగా కంఠంలో దాచిన స్త్రీలలో ఎందరినో వారి గడప తొక్కనిచ్చేవారు కారన్నది ఎవరికీ గుర్తుకు రాలేదు.

పావగడ తాలూకా చుట్టూ దాదాపు ఆంధ్ర గ్రామాలే. ఇంట తెలుగు, కచేరీలో కన్నడం. ఈ సరిహద్దు సీమలకు, బళ్లారి, అనంతపురం ప్రాంతాలకు, ఆడపిల్లను బసివిగా విడిచే ఆచారం తెలియనిది కాదు. కర్ణాటక ప్రభుత్వం 1982లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లోను నిషేధచట్టాలు చేశాయి. ఆచారం చట్టానికి లొంగినంత త్వరగా మాట లొంగదు. గుమాస్తా దరఖాస్తులో తండ్రిపేరు గడివద్ద కలం ఆపినపుడు తలవంచుకొనేది తల్లీ, బిడ్డా. పేరు ఇవ్వని వాడు ఆ గదిలో ఉండనే ఉండడు. పుట్టులక్ష్మి తన కూతురి పేరు పక్కన ఎవరి పేరు వ్రాయించగలిగేది? ఆడపిల్ల రంగస్థలమెక్కి నాట్యం చేస్తే పెండ్లి కుదరదేమోనని జంకే తల్లిదండ్రులు, పదవ తరగతి ముగియకముందే ముహూర్తం వెదికేవారు ఇంకా లేకపోలేదు. అక్షరానికీ శీలానికీ ముడిపెట్టిన ఆ పాత అనుమానపు నీడే ఇదంతా.

నాగరత్నమ్మకు సంతానం లేదు. చివరి సంవత్సరాలను తిరువయ్యారులోనే గడిపి, 1952 మే 19న పరమపదించారు. ‘రాధికాసాంత్వనము’ మరల వావిళ్ల వారి ముద్రణగా వెలువడినది ఆ సంవత్సరమే. కావేరీ తీరాన ఆమె సమాధిమీద ప్రతిష్ఠించిన విగ్రహం చేతులు జోడించి త్యాగరాజస్వామి సన్నిధిని చూస్తూ ఉంటుంది. ఏటా పుష్య బహుళ పంచమినాడు ఆ రెండింటి నడుమ కూర్చొని స్త్రీలు, పురుషులు కలిసి పంచరత్న కీర్తనలు గానం చేస్తారు.