మనుష్యులను సిద్ధపరచిన కాపరి: బిషప్ అజరయ్యగారి జీవితము

ధ్యాన భాగము: 2 తిమోతి 2:1–7

పౌలు చెరసాలలో నుండి తిమోతికి వ్రాసిన చివరి పత్రికను మనము పలుమారు చదివియున్నాము. తాను చెప్పగా వినిన సంగతులను నమ్మకమైన మనుష్యులకు అప్పగింపవలెననియు, వారును ఇతరులకు బోధింపగలవారై యుండవలెననియు ఆయన తిమోతిని కోరెను. ఆ ఒక్క వచనములో నాలుగు తరములు మనకు కనబడుచున్నవి. పౌలు మొదటివాడు, తిమోతి రెండవవాడు, నమ్మకమైన మనుష్యులు మూడవవారు, వారివలన నేర్చుకొనువారు నాలుగవవారు. మరణము సమీపించిన వేళ అపొస్తలుడు తన పనిని గూర్చి కంటె తన తరువాతి పనివారిని గూర్చియే యెక్కువగా చింతించెను.

ఈ మాట మనకెంత అవసరమో కొంచెము ఆలోచింతము. మన సంఘముల యాధ్వర్యమున పాఠశాలలు, ఆసుపత్రులు, వసతి గృహములు, అనాథ శరణాలయములు వెలసినవి. వాటిని ప్రారంభించినవారు ప్రార్థనాపరులు, కష్టజీవులు. అయితే అనేక స్థలములలో లెక్కలు వారే చూతురు, ఉత్తరములు వారే వ్రాయుదురు, తాళపు చెవులు వారి కొంగుననే యుండును. వారు మంచమెక్కిన దినమున పని ఆగిపోవును. వారు కన్నుమూసిన యేడాదికి గేటుకు తాళము పడును. ఇట్టివి మేము కన్నులార చూచి దుఃఖించితిమి. అందువలన ఈ నెల మనుష్యులను సిద్ధపరచుటయే తన ముఖ్యమైన పనిగా ఎంచిన యొక దైవజనుని జీవితమును పాఠకుల యెదుట ఉంచుచున్నాము. ఆయనయే డోర్నకల్ బిషప్ వేదనాయకము సమూయేలు అజరయ్యగారు.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన, తమిళదేశములోని తిరునెల్వేలి సీమలో, వెళ్లాలన్‌విలై అను చిన్న గ్రామములో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకముగారు ఆ గ్రామపు పాదిరి. బహుకాలము కుమారుడు లేక ప్రార్థించిన తల్లి, హన్నావలె తన బిడ్డకు సమూయేలని పేరుపెట్టెను. 1889లో తండ్రి గతించెను. అటు తరువాత ఆ తల్లి భక్తిలోను క్రమశిక్షణలోను కుమారుని పెంచెను. నాయకుల పాఠశాలలలో మొదటిది ఇల్లేయని మనము మరువరాదు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో అజరయ్యగారు గణితశాస్త్రము చదివిరి గాని, పరీక్షల సమయమున జబ్బుపడుటచేత పట్టము పొందలేకపోయిరి. 1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరిరి. మరుసటి యేడు అమెరికానుండి షెర్వుడ్ ఎడ్డీ అను యువకుడు అదే సేవకై మద్రాసుకు వచ్చెను. వారిద్దరు కలిసి ప్రయాణము చేసిరి, కలిసి ప్రార్థించిరి, కలిసి భుజించిరి. తెల్లవారు అధికారులుగాను మనవారు వారి క్రింది పనివారుగాను మెలగు ఆ కాలములో ఇది సామాన్యమైన సంగతి కాదు. తనను సమానునిగా ఎంచిన స్నేహితుని వలన మనుష్యుడు ఎట్లు ఎదుగునో అజరయ్యగారు ఆ దినములలోనే అనుభవమువలన నేర్చుకొనిరి.

1902లో ఆయన సింహళ ద్వీపమునందలి యాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ద్రవ్యముతో సువార్త పని నడుపుచుండుట చూచి ఆయన మనస్సు కలత చెందెను. తిరునెల్వేలి సంఘము అంతకంటె పెద్దది, పాతది. అయినను పైదేశపువారి సొమ్ముమీద ఆనుకొని యుండెను. తిరిగి వచ్చి స్నేహితులను కూర్చి 1903 ఫిబ్రవరి 12వ తేదీన పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. అప్పటికి ఆయన వయస్సు 28 ఏండ్లు. 1905 క్రిస్మసు దినమున సేరాంపూరులో, విలియం కేరీగారి గ్రంథాలయములో, వేర్వేరు రాష్ట్రములనుండి వచ్చిన సహోదరులతో కలిసి నేషనల్ మిషనరీ సొసైటీని ప్రారంభించిరి. మనుష్యులును ధనమును యాజమాన్యమును భారతీయులవే కావలెనన్నది ఆ సంఘముల నియమము.

ఇక్కడ మేము పాఠకులను ఒక్క క్షణము ఆగుమని కోరుచున్నాము. రెండు సంస్థలను స్థాపించిన యువకుడు వాటి పీఠముమీదనే స్థిరపడి యుండవచ్చును. గౌరవము పెరుగుచుండెను, దేశమంతట పేరు వచ్చుచుండెను. అయితే 1909లో ఆయన ఆ పదవిని విడిచిరి. నేషనల్ మిషనరీ సొసైటీ బాధ్యత సేలమునకు చెందిన కె.టి. పాల్‌గారి చేతికి వచ్చెను. ఆ పాల్‌గారే 1916లో వై.ఎం.సి.ఎ. జాతీయ ప్రధాన కార్యదర్శియైన మొదటి భారతీయుడై, గ్రామ పునర్నిర్మాణమునకును సహకార సంఘములకును గొప్ప సేవ చేసిరి. ఒకరు స్థలము విడిచినందున మరియొకరు ఎదిగిరి. తాము విడువనొల్లని కుర్చీలో ఇంకొకరు ఎన్నడును కూర్చుండలేరు గదా!

ఆ తరువాత అజరయ్యగారు ఎక్కడికి వెళ్లిరి? ఇతరులను మిషనరీలుగా పంపిన వ్యక్తి తానే మిషనరీగా బయలుదేరిరి. 1909లో అభిషేకము పొంది, నిజాము రాజ్యములోని డోర్నకల్‌కు వచ్చిరి. అది సింగరేణి బొగ్గుగనుల వైపు రైలుమార్గము చీలు చోటు. భాష వేరు, జనులు వేరు. ముప్పదినాలుగేండ్ల వయస్సులో పసిబిడ్డవలె తెలుగు అక్షరములు దిద్దుకొని, ఆ భాషలోనే ప్రసంగింపను వ్రాయను నేర్చుకొనిరి. 1898లో ఆయన వివాహమాడిన అన్బు మరియమ్మాళ్‌గారు కళాశాల చదువు చదివిన స్త్రీ. ఆమెయు ఆ పల్లెసీమను తన యిల్లుగా చేసికొనెను.

1910 జూన్ మాసములో స్కాట్లండులోని ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియా ఖండపువారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే. అజరయ్యగారు అక్కడ మాటలాడుచు, మిషనరీలు చేసిన త్యాగమునకు వందనములు చెప్పిరి. అయితే వారికిని దేశీయ సేవకులకును మధ్యనున్న దూరమును దాచలేదు. ఆస్తిని బీదలకు పంచిపెట్టుటయు శరీరమును కాల్చుకొనుటకు అప్పగించుటయు చాలదు, స్నేహము కావలెనన్నది ఆయన విన్నపము. 1 కొరింథీయులకు 13వ అధ్యాయమే దానికి ఆధారము. కొందరు హర్షించిరి, కొందరు నొచ్చుకొనిరి. అయితే పై నుండి ఇచ్చు సహాయము సేవకుని పోషింపవచ్చును గాని నాయకుని పుట్టింపదు; ప్రక్కన నడచు స్నేహితుడే ఆ పని చేయును. ఆనాటి విన్నపమున మాకు వినబడు సత్యమిది.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రలులో అజరయ్యగారు డోర్నకల్ బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికను సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనయే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌గారు ఈ నియామకమునకై గట్టిగా నిలిచిరి. భారతీయుడు ఈ భారము మోయలేడని వాదించినవారిలో తెల్లవారును ఉండిరి, మనవారును ఉండిరి. వైట్‌హెడ్‌గారు వెనుకకు తగ్గి యుండినయెడల ఈ చరిత్ర వేరుగా నుండెడిది. యౌవనస్థుని యందు నమ్మకముంచి, ఆ నమ్మకము కొరకు నిందపడుటకు పెద్దవాడొకడు సిద్ధపడవలెను.

బిషప్పుగారి యెదుట నున్న పని ఏమి? మాల, మాదిగ పల్లెలనుండి వేలకొలది జనులు సంఘములో చేరుచుండిరి. వారు భూస్వాముల పొలములలో పగలంతయు చాకిరి చేయువారు, చదువు లేనివారు, తరతరములుగా అవమానము అనుభవించినవారు. ఇందరికి కాపరులు ఎక్కడనుండి రావలెను? పైదేశమునుండి రప్పించుటకు వీలులేదు. పట్టణములలోని పట్టభద్రులు పల్లెలలో నిలువరు. ఆ పల్లెలనుండియే కాపరులు రావలెనని ఆయన నిశ్చయించిరి.

డోర్నకల్‌లో ఉపదేశులకును గురువులకును శిక్షణ జరిగెను. అభ్యర్థులు భార్యాబిడ్డలతో కూడ వచ్చి యుండిరి. భర్త వేదాంతము నేర్చి, భార్య అక్షరము నేర్వనియెడల పల్లెలో ఆ యింటి సాక్ష్యము కుంటుపడునని ఆయనకు తెలియును. కాబట్టి స్త్రీలకును పాఠములు జరిగెను. ఆ పనిలో అన్బు అమ్మగారు ముందుండిరి. విద్యార్థులు పుస్తకము పట్టిన చేతితోనే పనిముట్టును పట్టిరి. కూలివారి మధ్య నివసింపవలసిన కాపరి కాయకష్టమును చిన్నచూపు చూడరాదు గదా! శిక్షణ ముగిసినవారిని బిషప్పుగారు విడిచిపెట్టలేదు. రైలులోను ఎద్దుబండిమీదను పల్లె పల్లెకు తిరిగి వారి పని చూచిరి, తప్పులు దిద్దిరి, మరల కూడుకొని వాక్యము ధ్యానించుటకు వారిని పిలిచిరి. జనులు ఆయనను తండ్రిగారు అని పిలిచిరి.

నాయకత్వము గురువులకు మాత్రమే అప్పగింపబడలేదు. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తలపై నుంచుకొని, సువార్తను ప్రకటింపనియెడల తమకు శ్రమయని పౌలువలె ఒప్పుకొనవలసి యుండెను. ఏటేట సాక్ష్యపు వారము జరుగగా, నిన్నటి కూలివాడు నేడు పొరుగు పల్లెకు పోయి తన నోటితో క్రీస్తును గూర్చి చెప్పెను. ఇచ్చుటయు అట్లే. బీదవారు ఇయ్యలేరను మాటను బిషప్పుగారు ఒప్పుకొనలేదు. స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడెల్ల పిడికెడు ప్రభువునకు ప్రత్యేకించిరి. క్రైస్తవ దానమును గూర్చి ఆయన ఆంగ్లములో ఒక గ్రంథమే వ్రాసిరి. ఎల్లప్పుడు పుచ్చుకొను చేయి క్రిందనే యుండును. ఇచ్చిన దినమున అది తల యెత్తుకొనును. పిడికెడు బియ్యమిచ్చిన స్త్రీ ఆ సంఘము తనదని చెప్పగలదు, లెక్క అడుగగలదు.

ఫలితమును ప్రభువు అనుగ్రహించెను. ఆరంభమున కొద్దిమంది గురువులతో నున్న అధ్యక్ష ఖండము, కృష్ణా ప్రాంతపు సంఘములును చేరగా విస్తరించెను. ఆయన జీవితాంతమునకు వంద మందికి పైగా భారతీయ గురువులును, పల్లెపల్లెను ఉపదేశులును అందులో సేవ చేయుచుండిరి. క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. 1939 జనవరి 6వ తేదీన ప్రత్యక్షతా పండుగనాడు డోర్నకల్ కథీడ్రలు ప్రతిష్ఠింపబడెను. దేవాలయపు స్తంభములను, మసీదు గుమ్మటములను తలపింపజేయు ఆ కట్టడము ఈనాటికిని నిలిచియున్నది. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. పరీక్షకు కూర్చుండలేకపోయిన విద్యార్థికి దేవుడు వేరొక దారిని పట్టము ననుగ్రహించెను.

అయితే చరిత్రను చక్కెరపూత పూసి చెప్పుట మాకు ఇష్టము లేదు. 1912 నుండి 1945 వరకు, ముప్పదిరెండు సంవత్సరములు, ఆంగ్లికను సంఘములో ఒక అధ్యక్ష ఖండమునకు బిషప్పైన భారతీయుడు అజరయ్యగారొక్కరే. ఆయన పల్లెలలో వందల మందిని సిద్ధపరచిరి; పై మెట్టున మాత్రము తలుపు మరియొకరికి తెరువబడలేదు. 1935లో ఎలియట్ అను ఆంగ్లేయుడు ఆయనకు సహాయ బిషప్పుగా వచ్చి, నల్లవాని అధికారము క్రింద మనఃపూర్వకముగా సేవచేసెను. ఎడింబరోలో అడిగిన స్నేహమునకు ఇది కొంత జవాబే. అయినను అజరయ్యగారి తరువాత ఆ పీఠమెక్కినది ఆ ఆంగ్లేయుడే గాని తెలుగువాడు కాడు. మొదటివాడు ఒక్కడే మిగిలిపోయినయెడల దానిని విజయమని మనము సంపూర్ణముగా చెప్పలేము. నాయకులను తీర్చుట ఒక్క మనుష్యుని వలన కాదు. సంఘమంతయు, పై అధికారులతో సహా, దానికి ఒప్పుకొనవలెను.

ఐక్యతకొరకు ఆయన పడిన ప్రయాసయు ఇట్టిదే. 1919 మే మాసములో తరంగంబాడిలో, షెర్వుడ్ ఎడ్డీగారును తక్కిన సహోదరులును తోడు రాగా, దక్షిణ ఇండియా సంఘముల ఏకీభావమునకు ఆయన పునాది వేసిరి. 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన ఏర్పడెను. మోషే నెబో కొండమీదనుండి చూచినట్లు ఆయనయు దూరమునుండి చూచిరి. అయితే పనివారు సిద్ధముగా నుండినందున పని ఆగలేదు.

ప్రియ పాఠకులారా, నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయమునుండి సాయంకాలము వరకు ఒంటరిగా న్యాయము తీర్చుచుండగా, మామయైన యిత్రో చూచి మందలించెను. అది మోషేకును జనులకును అలసటయేయని అతడు చెప్పెను. మోషే విని లోబడెను. పాఠశాల నడుపువారు, ఆసుపత్రి నడుపువారు, స్త్రీల సమాజములకు పెద్దలైనవారు మీలో అనేకులున్నారు. మీ ప్రక్కన నిలిచి పని నేర్చుకొనుచున్నవారు ఇప్పుడు ఎవరు? వారి పేరు మీరు చెప్పగలరా? లెక్కల పుస్తకము వారి చేతికి ఎన్నడైనను ఇచ్చితిరా? వారు తప్పు చేసినప్పుడు పని లాగివేసికొంటిరా, లేక ప్రక్కన కూర్చుండి దిద్దితిరా? వారు మీ పనివారా, మీ స్నేహితులా?

ఈ ప్రశ్నలను మేము మొదట మాకే వేసికొంటిమి. జవాబు చెప్పుటకు సిగ్గుపడితిమి. ఈ మాసములో మనలో ప్రతివారును ఒక్క యౌవనస్థుని, ఒక్క స్త్రీని ఎన్నుకొని, మన చేతిలోని పనిలో ఒక నిజమైన భాగమును వారికి అప్పగింతము. తాళపు చెవులలో ఒకటి వారి కిత్తుము. మన కాలము ముగిసిన తరువాత దీపము వెలుగుచుండవలెనన్న యెడల, దానిలో నూనె పోయు చేతులు నేడే నేర్చుకొనవలెను. ప్రభువు మనకట్టి మనస్సును దయచేయును గాక. ఆమేన్.