ఆకాశ వార్తాహరుడు మార్కోనీ

సూర్యాపేటనుండి కోదాడకు తీగపై పంపిన వార్త కోదాడకే చేరును. దానినే ఆకాశమున విడిచినచో మిర్యాలగూడలో కూర్చున్నవాడును వినగలడు. ఎవ్వరును లేని దిక్కులకు సైతము పోయి శక్తి వ్యర్థమగును. ఈ రెండు చిక్కులతోడను జీవితమంతయు పెనగులాడినవాడు గుగ్లియెల్మో మార్కోనీ.

ఆతడు 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యా నగరమున జన్మించెను. తల్లి ఐర్లండు వనిత. విశ్వవిద్యాలయ పట్టము లేదు. హెర్ట్జ్ కనుగొనిన విద్యుత్తరంగములతో ఇంటి మేడమీదనే ప్రయోగములు సాగించి, 1896లో ఇంగ్లండు చేరెను. మన జగదీశచంద్రబోసు అప్పటికే కలకత్తాలో ఈ తరంగములతో గంట మ్రోగించియుండెను గాని, దానిని వ్యాపారముగా మలచు తలంపు ఆయనకు లేదు. మార్కోనీకి కలదు. 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ దాటి వచ్చిన యొక అక్షరపు సంకేతమును న్యూఫౌండ్లండు తీరమున వింటినని ప్రకటించెను.

ఒక్కొక్క కేంద్రమునకు ఒక్కొక్క శ్రుతి నేర్పరచు విధమునకు 1900లోనే పేటెంటు పొందియుండెను. ఇక పరులు వినజాలరనియు, అడ్డు తగులజాలరనియు ప్రచారము సాగెను. 1903 జూన్‌లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఫ్లెమింగు ఉపన్యసించుచు, కార్న్‌వాల్ తీరమునుండి మార్కోనీ పంపు వార్తకై వేచియుండగా, యంత్రము ముందుగానే మార్కోనీని ఎగతాళి చేయు మాటలను పలుకసాగెను! నెవిల్ మాస్కెలిన్ అను ఐంద్రజాలికుడు సమీపమునుండి శ్రుతిలేని మోటు తరంగములతో చేసిన పని యది. ఫ్లెమింగు దానిని అల్లరియని నిందించెను. లోపమును లోకమునకు చూపితినని మాస్కెలిన్ బదులు చెప్పెను. న్యాయము కొంత ఐంద్రజాలికునివైపే మొగ్గును.

1909లో బ్రౌనుతో కలిసి నోబెల్ బహుమానము పొందెను. పిదప బ్రిటిషు సామ్రాజ్యమంతటను మజిలీ కేంద్రములుంచి వార్తల నందించు పథకము బయలుదేరెను. పూర్వము తపాలా గుఱ్ఱములను మార్చినట్లే. అడ్డులేని ఆకాశమున దూరము సగమైనచో శక్తి నాల్గవవంతే చాలును గనుక మజిలీ మేలే. కాని ప్రతి మజిలీలోను వార్త నొకడు విని, మరల పంపవలెను. వాడు నమ్మదగినవాడు కావలెను గదా!

ఇరువది యేండ్లు దీర్ఘతరంగములను, మహాయంత్రములను నమ్మిన మార్కోనీ ఏబదవ యేట ఆ త్రోవ విడిచెను. హ్రస్వతరంగములను గైకొని, దీపము వెనుక అద్దమువలె తీగల తెరను నిలిపి, వార్తను కోరిన దిక్కునకే మళ్లించెను. తక్కువ శక్తి చాలెను; మజిలీల అవసరమును చాలవరకు తప్పెను. 1927లో పూనా చెంతనున్న కిర్కీకిని ఇంగ్లండునకును ఈ మార్గము తెరువబడెను. దారిలోనున్నవారు వినుట తప్పలేదు. దిక్కుదిక్కులవారు వినుట మాత్రము తగ్గెను.

1923లో ముస్సోలినీ పక్షమున చేరుట ఆతని చరిత్రకు మాయని మచ్చ. 1937 జూలై 20న రోములో మరణించెను. మరునాడు బ్రిటనులోని నిస్తంత్రీ కేంద్రములు రెండు నిముషములు మౌనము వహించెను.